వెయిటింగ్ ఒకటో నెంబరు జిమ్నాస్ట్

బిలాస్‌పూర్ తెలుగువారి చరిత్రలో సువర్ణాక్షరాలతో రాయదగ్గ ప్రకటన ఒకటి ఈ ఏడాది జనవరిలో, మా తెలుగు సంఘం హాల్లో, ఉప్మా చల్లారకముందే వెలువడింది. చేసినవారు శ్రీ గిరిబాబు గారు. ఆయన మా వార్డు కార్పొరేటరు, తిఫ్రాలో పద్నాలుగు లారీల యజమాని, మహానది మండల జిమ్నాస్టిక్స్ సంఘం అధ్యక్షులు. ఈ మూడో పదవి ఎలా వచ్చిందని కొందరు ఈర్ష్యాపరులు అడుగుతుంటారు. ఎన్నిక పూర్తి ప్రజాస్వామికంగానే జరిగింది. పోటీగా నామినేషన్ వెయ్యడానికి బయల్దేరిన పెద్దమనిషి ఆటో ఆ రోజు పద్నాలుగు లారీల మధ్య ఇరుక్కుపోయి సాయంత్రం దాకా కదల్లేదు, అంతే.

"రాబోయే పదేళ్ళలో ఈ బిలాస్‌పూర్ మన దేశానికి జిమ్నాస్టిక్స్‌లో బంగారు పతకం ఇస్తుంది," అన్నారు గిరిబాబు గారు. "బంగారం కుదరకపోతే ఇంకో లోహం చూస్తాం. ఇవ్వడం మాత్రం గ్యారంటీ."

చప్పట్లు మోగాయి. జిమ్నాస్టిక్స్ అంటే ఏమిటో తెలిసినవాళ్ళు కొంచెం ఆలస్యంగా కొట్టారు.

"జాతీయ జూనియర్ బాలికల జట్టుకి ఢిల్లీలో ఎంపిక పోటీలు జరుగుతున్నాయి. మన మండలం నుంచి నలుగురు పిల్లలు వెళ్ళాలి. ఆ నలుగురు ఎవరో తేల్చే ట్రయల్స్ ఇక్కడే పెడుతున్నాం. రెండు రోజులు. అంతా ఓపెన్. అద్దాల మేడలో జరిగినట్టు జరుగుతుంది."

"అద్దాల మేడ ఎక్కడ సార్?" అని ఒక విలేకరి రాసుకుంటూ అడిగాడు.

"మా లారీ గోడౌన్‌లో," అన్నారు గిరిబాబు గారు.

ఇందులో నా పాత్ర గురించి కూడా చెప్పుకోవాలి. నా పేరు జగన్నాథం. ముప్పై నాలుగేళ్ళు రైల్వే రిజర్వేషన్లో పనిచేసి, చార్టులు వేసి వేసి రిటైరయ్యాను. ఇప్పుడు పనేమీ లేదు కనక ఎవరు పిలిచినా వెళ్తాను, ఎవరు పొగిడినా లొంగుతాను. "బాబాయ్‌గారూ, మనుషుల పేర్లు వరసలో పెట్టడం మీకు వచ్చినట్టు ఈ ఊళ్ళో ఎవరికి వచ్చు?" అని గిరిబాబు గారు ఒక్క మాట అన్నారు. జట్టు జాబితా రాసే బాధ్యత అప్పుడే నెత్తినేసుకున్నాను.

వారం తిరక్కుండా కార్యవర్గం కూర్చుంది. సంఘానికి సాంకేతిక కార్యదర్శి తిరుమలరావు గారు. బొగ్గు ఆఫీసులో రూలు పుస్తకాలు చూసి చూసి రిటైరైన మనిషి. పెళ్ళిభోజనానికి వెళ్ళినా వడ్డన ఏ క్రమంలో జరగాలో చెప్పగలరు. ఆయన లేచి ఎంపిక పద్ధతి చదివారు. వాల్ట్, బార్లు, బీమ్, ఫ్లోర్ అని నాలుగు అంశాలు. రెండు రోజుల మార్కులు కలిపి మొదటి ముగ్గురిని నేరుగా తీసుకోవాలి. నాలుగో అమ్మాయిని మాత్రం జట్టు అవసరాన్ని బట్టి కమిటీ తన విచక్షణతో నిర్ణయించవచ్చు.

"ఆ నాలుగోది బావుంది," అన్నారు గిరిబాబు గారు. "మిగతా మూడూ కూడా అలాగే పెట్టెయ్యండి. ఒకే జట్టులో ముగ్గురికి ఒక రూలు, ఒకరికి ఒక రూలు ఏమిటి? సమానత్వం ఉండాలి."

"మరి మార్కులు?"

"వెయ్యండి. ఎవరొద్దన్నారు? మార్కుల లిస్టు ఒక గోడకి అంటిద్దాం, జట్టు లిస్టు ఇంకో గోడకి అంటిద్దాం. చూసేవాళ్ళు ఏది కావాలంటే అది చూసుకుంటారు. ఓపెన్ అంటే అదే కదా."

తిరుమలరావు గారు పుస్తకం తిరగేశారు. రెండు లిస్టులూ ఒకే గోడ మీద ఉండాలని ఎక్కడా లేదు. అయినా ఆయనకి ఒక సందేహం మిగిలింది. ఎంపిక కాని పిల్లల తల్లిదండ్రులు గొడవకి వస్తే ఏం చెప్పాలి? అందరూ సమోసాలు తింటూ తీవ్రంగా ఆలోచించారు.

"అచ్ఛా, బాబాయ్‌గారూ," అన్నారు గిరిబాబు గారు ఉన్నట్టుండి. "మీరు రోజుకి వందలమందికి బెర్తు ఇవ్వకుండా పంపేవారు కదా. ఎవరూ మీ మీదకి రాలేదా?"

"లేదు బాబూ. లేదని ఎవరికీ చెప్పం. వెయిటింగ్ అంటాం."

"దానికీ దీనికీ తేడా ఏమిటి?"

"చాలా ఉంది. లేదంటే మనిషికి కోపం వస్తుంది. నెంబరిస్తే ఆశ వస్తుంది. నెంబరు చేతిలో పెట్టుకున్నవాడు గొడవ చెయ్యడు, మర్నాడు మళ్ళీ వచ్చి ఎంతవరకు వచ్చిందని అడుగుతాడు. ఈలోగా పెద్దల దగ్గర్నుంచి ఉత్తరాలు వస్తాయి. వాళ్ళ కోసం ముందే కొన్ని బెర్తులు పక్కన పెట్టి ఉంటాయి. దాన్ని ఎమర్జెన్సీ కోటా అంటాం. చార్టు వెయ్యబోయే ముందు ఆ పేర్లు ఎక్కుతాయి. ఎవరి బెర్తూ ఎవరూ లాక్కోరు. ఎవరైనా రద్దు చేసుకుంటే తప్ప వెయిటింగ్ కదలదు, అంతే."

గదిలో ఎవరూ నమలడం లేదు. గిరిబాబు గారు లేచి వచ్చి నా రెండు చేతులూ పట్టుకున్నారు. ఆయన కళ్ళు చెమర్చాయి.

"ఇంత తెలివిని ముప్పై నాలుగేళ్ళు కౌంటరు వెనకాల కూర్చోబెట్టారు," అన్నారు.

ఆ రోజే తీర్మానం చేశాం. నాలుగు స్థానాలూ ఎమర్జెన్సీ కోటా. ట్రయల్స్‌కి వచ్చిన మిగతా పిల్లలందరికీ మార్కుల వరసలో వెయిటింగ్ నెంబర్లు. ఒక్క బిడ్డని కూడా కాదనని సంఘం దేశం మొత్తం మీద మాదేనని మినిట్స్‌లో రాశారు. నా పేరు మొదటి పేరాలోనే ఉంది. అబద్ధం ఎందుకు, నాకు చాలా సంతోషమేసింది.

ఆ సంతోషం లాల్‌ఖదాన్ వెళ్ళేదాకా ఉంది.

లాల్‌ఖదాన్‌లో అమ్మన్న అని మా శ్రీకాకుళం వైపు వాడే ఒకడున్నాడు. ట్రాక్‌మన్. వాళ్ళ నాన్న కూడా ఇక్కడే గ్యాంగులో చేశాడు. అమ్మన్న కూతురు ప్రసూన జిమ్నాస్టు. పేరుకి కాదు, నిజంగానే. వాళ్ళ స్కూల్లో రజిని మేడం అని డ్రిల్లు టీచరు ఉండేది. ఆవిడ ఒకప్పుడు పెద్ద పోటీల్లో ఆడిన మనిషి. నాలుగేళ్ళు ఈ పిల్లకి తను నేర్చుకున్నదంతా నేర్పింది. కిందటేడు బదిలీ మీద వెళ్ళిపోతూ మిగిలిన పాఠాలు రెండు వందల పేజీల నోటు పుస్తకంలో బొమ్మలేసి మరీ రాసిచ్చింది. క్వార్టరు వెనక పనికిరాని పాత రైలు పట్టా ఒకటి పడి ఉంటే, ప్రసూన ఆ పుస్తకం పక్కన పెట్టుకుని దాని మీద పల్టీలు కొడుతుంది.

పట్టా తల వెడల్పు మూడంగుళాలు కూడా ఉండదు. పోటీల్లో బీమ్ నాలుగంగుళాలు.

"బీమ్ అయితే సడక్‌లా వెడల్పుగా ఉంటది తాతా," అంది ప్రసూన. "ఉస్ పే తో ఆరామ్‌గా చేసేస్తా."

"డిసెంబరొస్తే దీనికి పదహారు నిండిపోతాయి బాబూ," అన్నాడు అమ్మన్న. "ఆ పైన జూనియరు కాదట. పెద్దోళ్ళతో ఆడాలట. ఇప్పుడు ఢిల్లీలో పేరొస్తే అక్కడే ఉంచుకుని నేర్పిస్తారట. హాస్టలూ, తిండీ, కోచీ, అన్నీ ఆళ్ళే. మాకింకేటి కావాలి?"

అమ్మన్న తల్లి అసిరమ్మ నాకు టీ గ్లాసు అందిస్తూ, "ఇనప పట్టా మీద పడితే ఏటవుద్దోనని నాకు దినం దినం గుండె దడే," అంది. "ఢిల్లీలో అయితే కింద పరుపులేస్తారట కదేటి."

తీర్మానం సంగతి చెప్పాలని నోటిదాకా వచ్చింది. కార్యవర్గ విషయాలు గోప్యంగా ఉంచాలని రూలు ఉంది. రూలు లేకపోయినా నేను చెప్పేవాణ్ణి కాదు. నేను పిరికివాణ్ణి. టీ బావుందని చెప్పి వచ్చేశాను.

ట్రయల్స్ ఫిబ్రవరి మొదటి శని, ఆదివారాల్లో జరిగాయి. పదకొండు మంది పిల్లలు వచ్చారు. గోడౌన్ ఖాళీ చేయించి, అద్దెకి తెచ్చిన పరికరాలు బిగించి, చుట్టూ గిరిబాబు గారి బొమ్మలున్న బ్యానర్లు కట్టారు. ఒక బ్యానర్లో ఆయన శరీరం లేకుండా ముఖం ఒక్కటే గాల్లో పల్టీ కొడుతూ ఉంది. అందరూ మెచ్చుకున్నారు.

చిన్న ఇబ్బంది ఒకటి వచ్చింది. వాల్ట్ అంటే పరిగెత్తుకొచ్చి ఒక బల్ల మీద చేతులాన్చి గాల్లో తిరిగి దూకడం. దానికి ఇరవై అయిదు మీటర్ల దారి కావాలి. అతిథుల కోసం ఇరవై రెండు సోఫాలతో వేదిక వేశాక పన్నెండు మీటర్లు మిగిలింది.

"వేదిక కాస్త వెనక్కి జరిపితే?" అన్నాన్నేను.

"సోఫాలు జరిపితే ప్రోటోకాల్ మారిపోతుంది," అన్నారు గిరిబాబు గారు. "రూలేమంటోంది?"

తిరుమలరావు గారు పుస్తకం తెరిచారు. "గరిష్ఠం ఇరవై అయిదు మీటర్లు అని ఉంది. కనిష్ఠం ఎంతో లేదు."

"అంటే సున్నా అయినా పరవాలేదు. మనం పన్నెండు ఇస్తున్నాం. పిల్లలకి ఇంకేం కావాలి?"

పిల్లలు పరిగెత్తారు. పన్నెండు మీటర్లలో ఊపు రాక ఒకమ్మాయి బల్లకి గుద్దుకుంది, ఇంకో అమ్మాయి బల్ల మీద కూర్చుండిపోయింది, మరో అమ్మాయి బల్ల దగ్గర ఆగి ఏడ్చింది. జడ్జీలు శ్రద్ధగా మార్కులు కోశారు. జడ్జీలు నలుగురు. తిరుమలరావు గారు, ఒక కబడ్డీ కోచ్, ఒక యోగా గురువు, గిరిబాబు గారి పళ్ళ డాక్టరు.

తర్వాత ప్రసూనని పిలిచారు. ప్రసూన దారి చూసింది, వేదిక చూసింది, నడుచుకుంటూ గోడౌన్ బయటికి వెళ్ళిపోయింది. అలిగి వెళ్ళిపోయిందనుకున్నాం. రెండు నిమిషాలకి లారీల మధ్య నుంచి పరిగెత్తుకుంటూ వచ్చింది. తెరిచి ఉన్న షట్టర్లోంచి దూరి, వేదికకీ గోడకీ మధ్య మనిషి పట్టేంత సందులోంచి దూసుకొచ్చి, అతిథుల కొబ్బరినీళ్ళు ఒలక్కుండా, బల్ల అందుకుని గాల్లోకి లేచింది. అంత ఎత్తు లేవడం నేనెప్పుడూ చూడలేదు. తిరిగి రెండు కాళ్ళ మీద దిగి, చేతులు పైకెత్తి, మేకు దిగ్గొట్టినట్టు నిలబడింది. రిటైరయ్యాక మొదటిసారి నా ఒళ్ళు జలదరించింది.

జడ్జీలు చర్చించుకున్నారు. హాలు విడిచి వెళ్ళినందుకు అర మార్కు, అనుమతి లేకుండా మళ్ళీ ప్రవేశించినందుకు అర మార్కు, ముఖ్య అతిథి పక్కనుంచి నమస్కారం పెట్టకుండా వెళ్ళినందుకు ఒక మార్కు కోశారు.

కోటా అభ్యర్థుల్లో ట్రయల్స్‌కి వచ్చింది ఒక్క భానుప్రియే. గిరిబాబు గారి ఏకైక సంతానం, పద్నాలుగేళ్ళది. మిగతా ముగ్గురి తరఫున ఉత్తరాలు వచ్చాయి. భానుప్రియ బీమ్ ఎక్కింది. ఎక్కడానికి కుర్చీ వేశారు. ఇద్దరు కార్యకర్తలు చెరోచెయ్యీ పట్టుకుంటే మూడడుగులు వేసి దిగిపోయింది.

"దీనికి కష్టం పాలు మార్కులు తక్కువొస్తాయండీ," అన్నారు తిరుమలరావు గారు నెమ్మదిగా. జిమ్నాస్టిక్స్‌లో ఎంత కష్టమైన విన్యాసం చేస్తే అన్ని మార్కులు.

"అచ్ఛా. ప్రసూనకి బీమ్ మీద నడవడం కష్టమా?"

"అస్సలు కాదు."

"మా అమ్మాయికి?"

"చాలా కష్టంగా కనిపించిందండీ."

"కష్టపడినవాళ్ళకి మార్కులా, పడనివాళ్ళకా? మీ పుస్తకం ఏమంటోంది?"

తిరుమలరావు గారు పుస్తకం తెరవలేదు. భానుప్రియకి రెండో స్థానం వచ్చింది. ఇన్ని కోతలు పడ్డా, ఇన్ని కలిపినా, ఎలా కూడినా ప్రసూనే మొదటి స్థానంలో తేలుతూ వచ్చింది. కబడ్డీ కోచ్ మూడుసార్లు కూడి చూసి చేతులెత్తేశాడు.

సోమవారం పొద్దున్న రెండు లిస్టులూ రెండు గోడలకి అంటించాం. మార్కుల లిస్టులో ప్రసూన ఒకటి. జట్టు లిస్టులో భానుప్రియ, సదర్ బజార్ బంగారం వర్తకుడి మనవరాలు, లారీ టైర్ల డీలరు కూతురు, ఒక కాలేజీ ప్రిన్సిపాల్ గారి మరదలు. ఈ ఆఖరావిడ వయసు ముప్పై ఒకటి. జూనియర్ అని రుజువు చేసే పత్రం తర్వాత సమర్పిస్తానని హామీ ఇచ్చారు. ఆ కింద గీత గీసి, నా చేతి గుండ్రని అక్షరాల్లో రాశాను. వెయిటింగ్ ఒకటి, ప్రసూన.

ప్రసూన లిస్టు చదివి నా దగ్గరికొచ్చింది. "తాతా, మత్లబ్ నేను సెలెక్ట్ అయినట్టా, కానట్టా?"

"వెయిటింగ్ ఒకటి అంటే దాదాపు అయినట్టేనమ్మా. ఒక్కరు తప్పుకుంటే చాలు."

ముప్పై నాలుగేళ్ళు కౌంటర్లో చెప్పిన మాట. అలవాటు మీద అదే వచ్చేసింది. ఆ పిల్ల ముఖం వెలిగిపోయింది. నాకు సిగ్గేసింది. మింగేశాను.

విచిత్రమేమంటే, తప్పుకోవడం నిజంగానే మొదలైంది. ముందు బంగారం వర్తకుడి ఇంట్లో, పోటీల్లో ట్రాక్‌సూట్ వేసుకోనివ్వరని, ఒంటికి అతుక్కునే బట్టలే వేసుకోవాలని తెలిసి వద్దన్నారు. అమ్మన్న మిఠాయి పట్టుకుని మా ఇంటికొచ్చాడు. నేను గిరిబాబు గారి దగ్గరికి పరిగెత్తాను.

"వెయిటింగ్ కదిలింది బాబూ. అమ్మన్న కూతురి పేరు ఎక్కించమంటారా?"

"రద్దు కాయితం ఇచ్చారా వాళ్ళు?"

"లేదు. మేనేజరు ఉంటే మంచిదని, ఆ స్థానంలో మిమ్మల్ని వెళ్ళమని ఉత్తరం ఇచ్చారు."

"మరి రద్దెక్కడ జరిగింది? పేరు మారింది. రద్దయితేనే కదా వెయిటింగ్ కదిలేది. మీరు చెప్పిందే కదా."

నేను చెప్పిందే. పైగా తప్పు లేదు. ఆ స్థానంలో జట్టు మేనేజరుగా గిరిబాబు గారి పేరెక్కింది. మూడోనాడు టైర్ల డీలరు కూతురికి కోచింగ్ సెంటర్లో పరీక్ష వచ్చింది. ఆమె స్థానంలో కబడ్డీ కోచ్ ఎక్కాడు. ప్రిన్సిపాల్ గారి మరదలికి అయిదో నెల అని, ఈ దశలో బీమ్ ఎక్కవద్దని డాక్టరు చెప్పారు. ఆ స్థానం పరిశీలకులుగా తిరుమలరావు గారికి దక్కింది.

ఆఖరికి భానుప్రియ అడ్డం తిరిగింది. అందరి ముందూ తండ్రితో, "పాపా, నాకేమీ రాదు. వహా సబ్ హసేంగే, అందరూ నవ్వుతారు. ప్రసూనని పంపించండి," అంది. ఆ కుటుంబంలో ఇంత బుద్ధి ఎక్కణ్ణుంచి వచ్చిందో తెలీదు. గిరిబాబు గారు కూతురి తల నిమిరి, ఆమె త్యాగానికి గుర్తుగా ఆ స్థానంలో ఫొటోగ్రాఫర్ని వేశారు. ఇంత పకడ్బందీ చార్టు నా సర్వీసులో నేను వెయ్యలేదు. వెయిటింగ్ ఒకటి ఒక్క అంగుళం కదల్లేదు.

జట్టు ఢిల్లీ వెళ్ళిన రోజున ప్రసూన సంచి సర్దుకుని స్టేషనుకొచ్చింది. ఆఖరి నిమిషంలో ఎవరైనా ఆగిపోతారేమోనని. అసిరమ్మ పులిహోర కట్టిచ్చింది. రైలు కదిలేదాకా ఆ పిల్ల బోగీ తలుపు దగ్గరే నిలబడింది. నలుగురూ ఎక్కారు. ఎవరూ ఆగిపోలేదు. పులిహోర గిరిబాబు గారు అడిగి తీసుకున్నారు.

నాలుగు రోజుల తర్వాత మా జట్టు ఓటమి ఎరగకుండా తిరిగొచ్చింది. మిగతా మండలాల పిల్లలు బార్ల మీంచి జారారు, బీమ్ మీంచి పడ్డారు, మార్కులు పోగొట్టుకున్నారు. ఒక్కసారి కూడా కింద పడని జట్టు, ఒక్క మార్కు కూడా కోత పడని జట్టు మాదొక్కటే. "క్రమశిక్షణలో మనదే అగ్రస్థానం" అని గిరిబాబు గారు పత్రికలకి ప్రకటన ఇచ్చారు. రెండు పత్రికలు వేశాయి.

తెలుగు సంఘం హాల్లో ఘనసన్మానం పెట్టారు. ముఖ్య అతిథి ఒక మాజీ మంత్రిగారు. కాబోయే మంత్రిగారు కూడా. మధ్యలో ఉన్నది స్వల్ప విరామం అని ఆయనే చెబుతారు. నలుగురికీ శాలువాలు కప్పాక ఆయన సరదాగా హిందీలో, "ఏదీ, మీ జట్టులో ఎవరైనా ఒక పల్టీ కొట్టి చూపించండి," అన్నారు.

నలుగురూ ఒకరి ముఖాలు ఒకరు చూసుకున్నారు. కబడ్డీ కోచ్ ఒకడుగు ముందుకేసి, తన పొట్ట చూసుకుని వెనక్కి తగ్గాడు. గిరిబాబు గారు మాత్రం తొణకలేదు. పూలగుత్తులు అందించడానికి పిలిపించిన పిల్లల్లో ప్రసూన ఉంది. ఆమె భుజం మీద చెయ్యేసి ముందుకి తోశారు.

ప్రసూన పళ్ళెం కింద పెట్టింది. మైకుల తీగలు పక్కకి జరిపింది. ఆ సిమెంటు గచ్చు మీద నాలుగడుగులు పరిగెత్తి, చేతుల మీద తిరిగి, వెనక్కి తిరిగి, గాల్లో తిరిగి దిగింది. హాలు హాలంతా లేచి నిలబడింది. మంత్రిగారు కూడా లేచారు.

"శభాష్. ఢిల్లీలో నీకెన్ని మార్కులొచ్చాయి బేటీ?"

"నేను వెళ్ళలేదు సర్. నాది వెయిటింగ్ ఒకటి."

మంత్రిగారు గట్టిగా నవ్వారు. తర్వాత ఎవరూ నవ్వడం లేదని గమనించి, ఆపి, చలించారు. చలించడం ఆయనకి బాగా వచ్చు. పి.ఎ. చేతిలోంచి లెటర్‌ప్యాడ్ లాక్కుని, మైకులో చదువుతూ రాశారు. ఇలాంటి ఆణిముత్యం విషయం సానుభూతితో పరిశీలించవలసిందిగా సంఘాన్ని కోరుతున్నాను. సంతకం పెట్టి గిరిబాబు గారికిచ్చారు. గిరిబాబు గారు ఉత్తరాన్ని కళ్ళకద్దుకున్నారు. వెనక వరసలో అమ్మన్న భార్య నీలవేణి కొంగు నోటికడ్డం పెట్టుకుని ఏడ్చింది. నాకూ కళ్ళు తడయ్యాయి. వెయిటింగ్ కదిలిందనుకున్నాను. అంత అనుభవం ఉండీ అనుకున్నాను.

పది రోజుల తర్వాత గిరిబాబు గారు నన్ను పిలిచి, ప్రసూన పేరున ఒక కవరిచ్చారు. "మీ చేత్తోనే ఇవ్వండి బాబాయ్‌గారూ. మీరైతే వాళ్ళు బాధపడరు."

అందులో ఏముందో తిరుమలరావు గారు వివరించారు. నిబంధన ఇరవై మూడు ప్రకారం, ఎంపిక విషయంలో ప్రజాప్రముఖుల చేత ఒత్తిడి తెప్పించిన క్రీడాకారిణిపై రెండేళ్ళ నిషేధం.

"మరి కోటాలో ఆ ముగ్గురి తరఫున వచ్చిన ఉత్తరాలేమిటి?" అన్నాను. అనేశాక, అన్నందుకు నాకే ఆశ్చర్యమేసింది.

"అవి చార్టుకి ముందొచ్చాయి," అన్నారు తిరుమలరావు గారు ఓపిగ్గా. "చార్టుకి ముందొస్తే అది కోటా. చార్టు తర్వాత వస్తే ఒత్తిడి. ఇది మీకు నేను చెప్పాలా?"

లాల్‌ఖదాన్ వెళ్ళేసరికి నా చేతిలో కవరు చూసి అసిరమ్మ గుమ్మంలోంచే కోడల్ని కేకేసింది. "ఒలే నీలవేణీ, వచ్చీసినాది. మంత్రి బాబు కాయితం వచ్చీసినాది. నానేటి సెప్పినాను, పెద్దోళ్ళ మాట ఊరికే పోద్దేటి?" లోపలికెళ్ళి సున్నుండల డబ్బా తెచ్చింది. వద్దనే అవకాశం ఇవ్వకుండా ఒకటి నా చేతిలో పెట్టింది. అమ్మన్న డ్యూటీ నుంచి అప్పుడే వచ్చి చొక్కా విప్పుతున్నవాడల్లా మళ్ళీ తొడుక్కున్నాడు. నేను కవరు ప్రసూనకిచ్చి సున్నుండ కొరికాను. నెయ్యి బాగా పోశారు.

ప్రసూన నోటీసు హిందీలో చదువుకుంది. మొదటి పేజీ చదవడానికి చాలాసేపు పట్టింది.

"ఏటి రాసినారే?" అన్నాడు అమ్మన్న.

"రెండేళ్ళు ఎక్కడా ఆడకూడదంట నాన్నా. సిఫార్సు చేయించుకున్నానంట."

నీలవేణి నా ముఖంలోకి చూసింది. నా నోటినిండా సున్నుండ ఉంది. ప్రసూన రెండో పేజీ తిప్పింది.

"అప్పీలు చేసుకోవచ్చంట. వారం లోపల. ఫారం కూడా పెట్టారు." ఫారం కిందిదాకా వేలు పెట్టి చదివింది. "నీచే, ఇదిగో ఇక్కడ కింద, మన వార్డు ప్రజాప్రతినిధి సిఫార్సు చేస్తూ సంతకం పెట్టాలంట. లేకపోతే తీసుకోరంట."

అమ్మన్న గోడకి ఆనుకుని కూర్చున్నాడు. అసిరమ్మ ఒక్కతే తేరుకుంది.

"మన వార్డుకి గిరిబాబే కదేటి," అంది, నా చేతిలో రెండో సున్నుండ పెడుతూ. "సంతకమే కదా, ఎయ్యడేటి? నువ్వూ ఒక మాట సెప్పు బాబూ."